గుంత లెక్క సరే, కృష్ణ లెక్క ఏది?

ప్రకాశం బ్యారేజీ దిగువన, ఒడ్డు పక్కన ఇసుకకో బుసకకో (మెరక చేయడానికి వాడే మెత్తటి ఇసుక మట్టి) కొత్త తవ్వకం ప్రతిపాదన వచ్చినప్పుడల్లా చర్చ అక్కడక్కడే తిరుగుతుంది. ఎన్ని ఎకరాలు, ఎంత లోతు, రోజుకు ఎన్ని టిప్పర్లు, రాబడి ఎంత. ఇవన్నీ గుంత లెక్కలు. తీసిన ఇసుక మళ్లీ ఎక్కడి నుంచి వస్తుందని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ముందు తేలాల్సింది అదే.

"వరదొస్తే మళ్లీ మేట పడుతుందిలే" అని ధైర్యం చెప్పేవాళ్లు ఉంటారు. తాతల కాలంలో ఆ మాట నిజం. ఇప్పుడు పైన శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల ఉన్నాయి. ఇసుక చాలావరకు వాటి దగ్గరే ఆగిపోతోంది. 1960ల చివర్లో కృష్ణ ఏటా సుమారు 90 లక్షల టన్నుల పూడికను దిగువకు మోసుకొచ్చేదని, 2000-05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయిందని డెల్టాపై 2009లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఇసుక తక్కువైన నీటికి కోసే బలం ఎక్కువ. అలాంటి నది పక్కన తవ్వుతూ పాత నమ్మకంతో లెక్కలు వేసుకోవడం పొరపాటు.

బ్యారేజీ ఎగువ సంగతి వేరు. అక్కడ నిలవ ఉండేదే 3 టీఎంసీలు. పూడిక పేరుకుంటే డెల్టా కాలువలకూ, విజయవాడ తాగునీటికీ ఇబ్బందే, కాబట్టి తీయాల్సిందే. భవానీపురం, గుంటుపల్లి వైపు పడవల్లో ఇసుక తీయడాన్నీ, దిగువన ఒడ్డు వారగా పొక్లెయిన్ దింపడాన్నీ ఒకే గాటన కట్టకూడదు.

దిగువన ఏం జరుగుతుందో చూద్దాం. కొల్లిపర, తోట్లవల్లూరు లంకల్లో అరటి, కంద, పసుపు పండేది ఇసుక పొరలో నిలిచే నీటి మీద. ఫిల్టర్ పాయింట్లు, అంటే తక్కువ లోతు బోర్లు, దిగేది ఆ పొరలోకే. పక్కన అంతకంటే లోతుగా తవ్వితే నీరు పల్లం వెతుక్కుంటూ గుంతలోకి ఊరిపోతుంది. వేసవిలో మోటారు వేస్తే కాసేపు నీళ్లు, కాసేపు గాలి. రైతు ఇంకో రెండు పైపులు దింపుకుంటాడు. తోట లీజు హద్దుకు బయట ఉంది గనుక ఆ ఖర్చు ప్రాజెక్టు నివేదికకు ఎక్కదు.

వరదలో దెబ్బ ఇంకో రకంగా తగులుతుంది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి. అంత ప్రవాహం గుంతలోకి దూకేటప్పుడు గుంత ఎగువ అంచు తెగుతుంది. ఆ కోత నదికి ఎదురుగా, పైకి పాకుతుంది. దారిలో ఒడ్డు ఉంటే ఒడ్డు, వంతెన స్తంభం ఉంటే దాని కింది ఇసుక. పైగా టిప్పర్లు ఎక్కి దిగడానికి కరకట్టను తొలిచి ర్యాంపు వేస్తే, ఊరిని కాపాడే గట్టును మన చేతులతోనే బలహీనం చేసుకున్నట్టు.

నిబంధనలకు కొదవ లేదు. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నియమాల ప్రకారం వంతెనలు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదు. కేంద్ర మార్గదర్శకాలు నదిలో లోతును 3 మీటర్లకు పరిమితం చేశాయి. 5 హెక్టార్లు దాటితే ప్రజాభిప్రాయ సేకరణ ఉండాలి. కిటుకంతా ఇక్కడే ఉంది: 5 లోపు ముక్కలుగా దరఖాస్తులు పెడితే సభ తప్పించుకోవచ్చు. ముక్కల మధ్య దూరం 500 మీటర్ల లోపు ఉంటే అవన్నీ ఒకే క్లస్టర్ కిందికి వస్తాయి, విస్తీర్ణం కలిపి లెక్కిస్తారు. ఆ దూరం కొలిచి చూసే ఓపిక ఊళ్లోవాళ్లకే ఉండాలి. బుసకకు మినహాయింపు ఉందంటే వెంటనే నమ్మకూడదు. రోడ్లు, పైపులైన్ల కోసం తీసే మామూలు మట్టికి కేంద్రం 2020లో ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చిలో కొట్టేసింది. ఏటా ఎంత ఇసుక తిరిగి చేరుతుందో అధ్యయనం లేకుండా పర్యావరణ అనుమతి చెల్లదని అదే కోర్టు 2025 ఆగస్టులో చెప్పింది.

ఇల్లు కట్టుకునేవాడికి ఇసుక కావాలి, అమరావతికీ కావాలి. కాదనను. కానీ ప్లాట్లు మెరక చేయడానికి నది ఒడ్డే ఎందుకు? ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద గుట్టలుగా పడి ఉంది. దానికీ దుమ్ము సమస్య ఉంది, పైన మట్టి కప్పాలి. అయినా లంక భూమి పోవడం కంటే నయం.

ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. సభకు వెళ్తే ఉద్యోగాల హామీల దగ్గరే ఆగిపోవద్దు. వానాకాలం ముందు, తర్వాత అదే చోట తీసిన లెవల్స్ (నది అడుగు ఎత్తు కొలతలు) చూపించమనండి. చూపించలేకపోతే అభ్యంతరాన్ని రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.