సగటు చూసి సరిపెట్టుకుంటే డేటా పోతుంది
ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి తనవైపు చూడమని పరికరం సీపీయూకి ఇచ్చే సిగ్నల్) టైమింగ్ కొలవడంపై వచ్చిన వ్యాసంలో, దానికి స్పందించే కోడ్ అయిన హ్యాండ్లర్ మొదట్లో ఒక టైమ్‌స్టాంప్, చివర్లో ఒకటి తీసుకుని సగటు కడితే విషయం తేలిపోతుందని రాశారు, ఒప్పుకోలేను. అది హ్యాండ్లర్ నడిచిన సమయం మాత్రమే. పరికరం సిగ్నల్ ఇచ్చినప్పటి నుంచి హ్యాండ్లర్ మొదటి లైను దాకా పట్టే ఆలస్యం అందులో లేదు, బైట్లు పోయేది అక్కడే. సీరియల్ పోర్ట్ చిప్ 16550 యూఆర్ట్‌నే చూడండి. 115200 బాడ్‌లో (సెకనుకు అన్ని బిట్ల వేగంలో) ఒక్కో క్యారెక్టర్‌కి 10 బిట్లు, అంటే దాదాపు 87 మైక్రోసెకన్లు. వచ్చిన బైట్లు వరుసలో ఆగే 16 బైట్ల ఫిఫోలో ట్రిగ్గర్ (ఎన్ని బైట్లు చేరాక ఇంటరప్ట్ ఇవ్వాలో చెప్పే హద్దు) 14 దగ్గర పెడితే మిగిలేది రెండు బైట్ల చోటు, వస్తున్న బైట్‌ని బిట్టు బిట్టుగా పోగుచేసే షిఫ్ట్ రిజిస్టర్‌తో కలిపి మూడు. సుమారు 260 మైక్రోసెకన్లలో హ్యాండ్లర్ ఫిఫోని చదవడం మొదలుపెట్టకపోతే ఓవర్‌రన్, అంటే బైట్లు పోతాయి. ట్రిగ్గర్ 8కి దించితే 780 మైక్రోసెకన్ల దాకా వెసులుబాటు దొరుకుతుంది, కాకపోతే ఇంటరప్ట్‌లు పెరుగుతాయి. ఈ గడువుతో పోల్చాల్సింది గరిష్ఠ ఆలస్యాన్ని, సగటుని కాదు. కొలవడం కష్టమేమీ కాదు: ఆగకుండా తిరిగే హార్డ్‌వేర్ టైమర్‌కి కంపేర్ విలువ (కౌంటర్ అక్కడికి చేరగానే ఇంటరప్ట్ వస్తుంది) పెట్టి, హ్యాండ్లర్‌లో అన్నిటికన్నా ముందు కౌంటర్ చదివి, అందులోంచి కంపేర్ విలువని అన్‌సైన్డ్‌గా (మైనస్ గుర్తు లేని సంఖ్యలుగా) తీసివేయండి, వచ్చేదే ఆలస్యం. కౌంటర్ చుట్టు తిరిగి సున్నాకి వచ్చినా తేడా సరిగ్గానే వస్తుంది. డిస్క్, నెట్‌వర్క్ లోడ్ పెట్టి గంటల తరబడి నడపండి, ఖాళీగా కూడా నడపండి. సీపీయూ లోతైన నిద్రలోంచి లేవడానికి పట్టే సమయం ఖాళీ సిస్టంలోనే బయటపడుతుంది, చాలామంది మర్చిపోయేది ఇదే. లినక్స్‌లో గరిష్ఠం మరీ ఎక్కువగా కనిపిస్తే ఇంటరప్ట్‌లు ఎక్కడ ఎంతసేపు ఆగాయో చూపే ఇర్క్స్ఆఫ్ (irqsoff) ట్రేసర్ ఆన్ చేయండి. ఇంటరప్ట్‌లు ఆపేసి ఎక్కువసేపు లాక్ పట్టుకున్నది చాలాసార్లు వేరే డ్రైవరే అయి ఉంటుంది.