పచ్చబుట్టలో మోక్షం

భూమిని కాపాడాలనుకునేవారికి ముందుగా కావలసింది దృఢసంకల్పం అంటారు. నా పరిశీలనలో తేలింది వేరు. ముందుగా కావలసింది ఓ పెద్ద అలమర. పర్యావరణ హితంగా బతకడానికి కొనాల్సిన సామానుకు ఇంట్లో చోటు లేకపోతే ఎంతటి సంకల్పమైనా హాలు మధ్యలో కుప్పపడి కాళ్లకు అడ్డం తగులుతుంది. వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, ఆ స్ట్రాలు కడగడానికో సన్నటి కుంచె, ఆ కుంచె పెట్టుకోవడానికో గుడ్డ తిత్తి, గాజు డబ్బాలు, వాటికి చెక్క మూతలు, ఇంట్లో ఎన్నున్నా బ్యాగులో ఒకటి ఉండాలి కదా అని కొన్న మూడో స్టీలు సీసా. ఇవన్నీ సమకూరాక గానీ మనిషి నిరాడంబర జీవితం మొదలుపెట్టలేడు.

ఇక్కడే కొందరు అడ్డు తగులుతారు. "ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు బాగానే ఉన్నాయి కదా, అవే వాడుకోవచ్చుగా?" అంటారు. వీళ్లకు సౌందర్యదృష్టి బొత్తిగా లేదు. పాత డబ్బా రంగు వెలిసి ఉంటుంది. మూత ఒక మూల బిగుస్తుంది, ఇంకో మూల లేస్తుంది. ఎంత మంచి వెలుతురులో ఫొటో తీసినా అందులో భూమి మీద ప్రేమ కనబడదు. అందుకే పనిచేస్తున్న ప్లాస్టిక్ డబ్బాలన్నిటినీ చెత్తలో వేసి, ప్లాస్టిక్ చెత్త తగ్గించడానికి గాజు డబ్బాలు కొనే పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఆవును చంపి చెప్పులు దానం చేసినట్టుంది అన్నాడొక మిత్రుడు. ఆయనంటే నాకు గౌరవమే కానీ, కాలం మారిందని గమనించడు. ఇప్పుడు దానం చేసే చెప్పులు వీగన్ లెదర్‌వి. ఆవుకు ఏ భయమూ లేదు. ఆ తోలు చాలాసార్లు పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్కే అయి ఉంటుందన్నది వేరే సంగతి.

పచ్చని జీవితానికి పునాది గుడ్డ సంచి. మా పక్కింటాయన తలుపు వెనక ఒక మేకు ఉంది. దానికి ఒక గుడ్డ సంచి, అందులో ఇంకొన్ని సంచులు, వాటి మడతల్లో మళ్లీ సంచులు. అన్నీ కలిపి పాతిక దాకా ఉంటాయి. బరువుకు మేకు కిందికి వంగింది. పై సంచి మీద పెద్ద అక్షరాలతో 'భూమి ఒక్కటే' అని ఉంది. బయల్దేరేటప్పుడు మాత్రం ఆయన చేతిలో ఒక్క సంచీ ఉండదు, కొట్టు దాకా వెళ్లాక గుర్తొస్తుంది. ప్లాస్టిక్ సంచి తీసుకోవడానికి మనస్సాక్షి ఒప్పుకోదు కాబట్టి కొత్త గుడ్డ సంచి కొంటాడు. పాతిక అయింది ఇలాగే. మనస్సాక్షి లేనివాడి ఇంట్లో ఇన్ని సంచులు ఉండవు.

డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో సంచుల జాతకాలన్నీ చూసి ఒక నివేదిక ఇచ్చింది. నీళ్లు, నేల, గాలి, ఓజోన్ పొర, ఇలా అన్ని పద్దులూ కలిపి చూస్తే, మామూలు పత్తి సంచిని 7,100 సార్లు వాడితే గానీ అది పల్చటి ప్లాస్టిక్ సంచితో సమానం కాదని తేల్చింది. ఆర్గానిక్ పత్తి అయితే 20,000 సార్లు. వాతావరణ మార్పు పద్దు ఒక్కటే చూసుకుంటే మామూలు పత్తి సంచికి 52 సార్లు చాలని కూడా అందులోనే ఉంది కానీ, అంత చిన్న అంకె మీద ఆధారపడి ఎవరూ చరిత్రకెక్కలేదు. పెద్ద లెక్కే తీసుకుందాం. పక్కింటాయన రోజుకొక సంచి చొప్పున ఒక్కరోజూ మానకుండా వాడితే పాతిక సంచులకూ న్యాయం జరగడానికి 486 ఏళ్లు పడుతుంది. ఆయన వీలునామా రాయక తప్పదు. ఇల్లు ఎవరికి, పొలం ఎవరికి అన్నది పిల్లలు తర్వాత తేల్చుకుంటారు. సంచుల బాధ్యత ఎవరిదో మాత్రం ముందే రాసిపెట్టాలి.

ఈ కథలో ప్లాస్టిక్ సంచిని కనిపెట్టినాయన పాత్ర మరీ విచిత్రం. స్టెన్ గుస్తాఫ్ తులిన్ అనే స్వీడన్ ఇంజనీరు. ఇప్పుడు మనమంతా చూసే రెండు చెవుల సంచి ఆయన తయారుచేసిందే. ఆయన పనిచేసిన కంపెనీ 1965లో దానికి పేటెంటు తీసుకుంది. కాగితం సంచుల కోసం చెట్లు కొట్టేస్తున్నారు, గట్టి సంచి ఒకటి ఉంటే జనం మళ్లీ మళ్లీ వాడుకుంటారు అన్నది ఆయన ఆలోచన అని కొడుకు తర్వాత చెప్పాడు. తులిన్ జేబులో ఎప్పుడూ ఒక సంచి మడతపెట్టి ఉండేదట. అంటే చెట్లను కాపాడటానికి ప్లాస్టిక్ సంచి పుట్టింది, ప్లాస్టిక్ నుంచి కాపాడటానికి గుడ్డ సంచి వచ్చింది. గుడ్డ సంచి నుంచి మనల్ని కాపాడే సంచిని ఎవరో ఎక్కడో ఈపాటికి తయారుచేస్తూనే ఉంటారు. దాన్ని పెట్టుకోవడానికి పక్కింటాయన ఇంకో మేకు కొట్టాలి.

ఇక రీసైక్లింగ్. దీన్ని చేతలతో కాదు, భక్తితో చేయాలి. పక్కింటాయన ఖాళీ డబ్బాను సాగనంపే తీరు చూసి తీరాలి. ముందు వేణ్నీళ్లతో ఒకసారి, చన్నీళ్లతో ఒకసారి కడుగుతాడు. మూలల్లో జిడ్డు పోలేదని మూడోసారి. తర్వాత బోర్లించి, లైటు కిందికి తెచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, అడుగున ఉన్న త్రికోణంలోని అంకెను కూడబలుక్కుంటాడు. "అయిదు!" అంటాడు, పరీక్షలో పాసైన కొడుకు నంబరు పేపర్లో కనబడ్డంత తృప్తిగా. డబ్బాను రెండు చేతులతో రీసైక్లింగ్ కోసం పెట్టిన పచ్చబుట్టలో ఉంచుతాడు. విసరడు.

ఆ అయిదుకు అర్థం 'ఇది తప్పక మళ్లీ వస్తువవుతుంది' అని కాదు. ఇది పాలీప్రొపిలీన్ అనే రకం ప్లాస్టిక్ అని, అంతే. అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమల సంఘం 1988లో ఈ అంకెలు పెట్టింది. ఒకటి సీసాల ప్లాస్టిక్, ఆరు పాలీస్టైరీన్, ఏడు అంటే వగైరా. వగైరాకు కూడా త్రికోణం ఉండటమే ఇందులో గొప్ప. పైగా ఆ త్రికోణాన్ని ఒకదాన్నొకటి తరుముకునే బాణాలతో గీశారు. 1970లో గ్యారీ ఆండర్సన్ అనే విద్యార్థి ఒక పోటీకి గీసి పంపిన రీసైక్లింగ్ గుర్తుకు అది చుట్టమని చూడగానే అనిపిస్తుంది. 2013లో ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ఇక బాణాలొద్దు, మామూలు త్రికోణం చాలంది. డబ్బాల అడుగున మాత్రం బాణాలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. జనం వాటి వెంట తిరుగుతున్నారు.

బుట్టలో ఏం వేయాలన్నదానికి నియమం ఒకటే: పారేయడానికి మనసొప్పని ప్రతిదీ వేయాలి. తెగిన వైరు, కాలు విరిగిన బొమ్మ, సగానికి చీలిన నీళ్ల గొట్టం, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం కప్పు. తీసుకుంటారో లేదో మనకనవసరం, మన ఆశయం మంచిది. పల్చటి కవర్లు రీసైక్లింగ్ కేంద్రంలో ఏరివేత యంత్రాల ఇరుసులకు చుట్టుకుపోతే కార్మికులు యంత్రం ఆపి, లోపలికి దిగి, కత్తులతో కోసి తీయాలి. మన ఆశయాన్ని కోసి తీస్తున్నామని పాపం వాళ్లకు తెలియదు. నల్ల ప్లాస్టిక్ డబ్బా సంగతి మరీ అన్యాయం. అందులో కలిపే కార్బన్ నలుపు, ఏరే యంత్రం చూపుకు ఆధారమైన పరారుణ కిరణాలను మింగేస్తుంది కాబట్టి యంత్రం కంటికి ఆ డబ్బా ఆనదు. మూడుసార్లు కడిగి పంపిన డబ్బా యంత్రం ముందు నుంచే దర్జాగా చెత్తలోకి వెళ్లిపోతుంది.

ఫలితాలు కూడా చెప్పాలి కదా. 2017లో ముగ్గురు పరిశోధకులు లోకంలోని ప్లాస్టిక్ పద్దులన్నీ తిరగేశారు. 2015 నాటికి పోగైన ప్లాస్టిక్ చెత్త 630 కోట్ల టన్నులనీ, అందులో రీసైకిల్ అయింది సుమారు 9 శాతమనీ, కాల్చేసింది 12 శాతమనీ, మిగతా 79 శాతం చెత్తదిబ్బల్లోనో, నేల మీదో, నీళ్లలోనో పడి ఉందనీ లెక్క తేల్చారు. గిట్టనివాళ్లు దీన్ని వైఫల్యం అంటారు. నూటికి తొమ్మిది మందికి మోక్షం వచ్చే మార్గం ఇంకొకటి చూపించమనండి. మిగతా చెత్తలో కొంతకు కనీసం సముద్రయానం దక్కేది. సంపన్న దేశాలు తమ పచ్చబుట్టల్ని ఏళ్ల తరబడి ఓడల్లో చైనాకు పంపి, తాము రీసైకిల్ చేసినట్టే రాసుకున్నాయి. 2018లో చైనా, కలిసిన మలినం అర శాతం మించితే తీసుకోమని గుమ్మంలోనే ఆపింది. అప్పటిదాకా శుభ్రంగా కనిపించిన దేశాలకు ఉన్నట్టుండి తమ ఇంటి వాసన తెలిసింది.

అబద్ధమాడకూడదు, అల్యూమినియం డబ్బా నిజంగానే మళ్లీ డబ్బా అవుతుంది. ఖనిజం నుంచి కొత్తది తీయడంతో పోలిస్తే 95 శాతం దాకా శక్తి మిగులుతుంది. గాజూ అంతే, ఎన్నిసార్లయినా కరుగుతుంది. కాగితం కూడా పీచు పొట్టిదైపోయేలోపు కొన్ని జన్మలెత్తుతుంది. ఇవి చడీచప్పుడు లేకుండా పని చేసుకుపోతాయి కాబట్టి వీటి మీద ఎవరికీ భక్తి లేదు.

అసలు పచ్చబుట్ట చేసే మేలు భూమికి కాదు, మనకు. 2013లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొందరికి కత్తెరలిచ్చి, ఎలా తెగుతున్నాయో కాగితం కత్తిరించి చూడమన్నారు. పక్కన రీసైక్లింగ్ బుట్ట ఉన్నవాళ్లు, మామూలు చెత్తబుట్ట ఉన్నవాళ్ల కంటే ఎక్కువ కాగితం కత్తిరించారు. ఎదురుగా ప్రాయశ్చిత్తం కనబడుతుంటే పాపం చేయడానికి జంకెందుకు? వస్తువు కొనేటప్పుడు ఉండే కాస్త సంకోచాన్ని ఈ బుట్ట ఇట్టే కడిగేస్తుంది. అదీ మూడుసార్లు.

ఇంతకీ ఈ బాధ్యత మన నెత్తికి ఎక్కిందెలా? మనంతట మనం ఎత్తుకోలేదు, పెద్దమనుషులు దగ్గరుండి ఎత్తించారు. అమెరికాలో 1953లో డబ్బాలూ సీసాలూ చేసే కంపెనీలు కలిసి, దేశాన్ని అందంగా ఉంచుదాం అంటూ ఒక సంస్థ పెట్టాయి. చెత్త పారేసే మనిషికి బుద్ధి చెప్పడం దాని పని, పారేయడానికి వీలుగా డబ్బాలు చేయడం కంపెనీల పని. ఎవరి పని వారిదే. 1971లో ఆ సంస్థ టీవీలో ఒక ప్రకటన వేసింది. రోడ్డు పక్క చెత్త చూసి ఒక అమెరికన్ ఆదివాసీ కన్నీటి బొట్టు రాలుస్తాడు. కాలుష్యం మొదలుపెట్టేది మనుషులే, ఆపగలిగేదీ మనుషులే అని వెనక నుంచి గంభీరమైన గొంతు. ఐరన్ ఐస్ కోడీ అనే ఆ నటుడు నిజానికి ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ల బిడ్డ. మనిషిని కూడా రీసైకిల్ చేయొచ్చని అప్పుడే నిరూపించారు.

తర్వాత 2004లో చమురు కంపెనీ బీపీ, ఎవరి కార్బన్ పాదముద్ర ఎంతో, అంటే ఎవరి వల్ల ఎంత కార్బన్ గాలిలో కలుస్తోందో, వాళ్లే లెక్క కట్టుకునే సాధనం ఒకటి జనానికి అందించింది. భూగర్భం తోడి అమ్మేవాడు, మీరు నిన్న ఎన్ని లైట్లు వేసుకున్నారో ఒకసారి ఆత్మపరిశీలన చేసుకోండి అని సలహా ఇవ్వడానికి ఎంత పెద్ద మనసు కావాలి! తిలా పాపం తలా పిడికెడు అన్నారు. ఇక్కడ తలలన్నీ మనవే. తిలలు పండించి అమ్మిన ఆసామి మాత్రం పంపకం సరిగ్గా జరుగుతోందా లేదా అని చూస్తూ నిలబడ్డాడు.

మా ఆఫీసులో కూడా ఒక హరిత కమిటీ ఉంది. ఏటా 'పచ్చని ఉద్యోగి' అవార్డు ఇస్తుంది. ఈసారి దరఖాస్తులో మొదటి ప్రశ్న: గత ఏడాది మీరు కొన్న పర్యావరణ హిత వస్తువులేవి? జాబితా జతపరచండి. అందరూ అదనపు కాగితాలు అడిగి మరీ రాశారు. అకౌంట్స్‌లోని పెద్దాయన ఒక్కడే ఖాళీగా ఇచ్చాడు. ఆయన బ్యాగు పట్టీ రెండుచోట్ల తెగితే ఒకచోట నల్లదారంతో, ఒకచోట నీలిదారంతో కుట్టి ఉంటుంది. ఫోన్ అద్దం మూల పగిలితే టేపు వేశాడు. కమిటీ ఆయన్ని పిలిపించింది.

"ఏమీ రాయలేదేంటి సార్?"

"ఏమీ కొనలేదండీ."

"ఏమీ అంటే... ఒక్క వెదురు బ్రష్షు కూడా?"

"ఉన్నవి పాడవలేదండీ. అవసరం పడలేదు."

కమిటీ సభ్యులు ముఖముఖాలు చూసుకున్నారు. ఆయన భూమిని పట్టించుకోవడం లేదని అందరికీ అర్థమైంది. అవార్డు, చెత్త లేని జీవితం మీద జరిగిన సదస్సుకు విమానంలో వెళ్లొచ్చిన మేనేజరు గారికి ఇచ్చారు. ఆకు ఆకారంలో యాక్రిలిక్ జ్ఞాపిక, గీతలు పడకుండా బుడగల కవరులో చుట్టి, ఆ కవరును పెట్టెలో పెట్టి. పెద్దాయన నిరుత్సాహపడకూడదని ఆయనకో స్టీలు సీసా ఇవ్వబోతే, "ఇంట్లో ఉందండీ, లేనివాళ్లెవరికైనా ఇవ్వండి" అన్నాడు. లేనివాళ్లు ఆఫీసంతా వెతికినా దొరకలేదు.

'పర్యావరణ కార్యక్రమాల పట్ల సదరు ఉద్యోగి సహకారం కొరవడినది, అవగాహన తరగతులకు పంపవలెను' అని కమిటీ తీర్మానం చేసి, నకలు ఆయన చేతికిచ్చింది. ఆయన శ్రద్ధగా చదివి, తిప్పి చూసి, వెనకవైపు ఖాళీగా ఉందని కూడికలు వేసుకోవడానికి జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసు రికార్డును సొంతానికి వాడుకోవడం కింద దీని మీద చర్య తీసుకోవచ్చా అని కమిటీ ఇంకా చర్చిస్తోంది.