బిషప్‌గారి ఫోటో సరే, బడి నడిపిన సిస్టర్ల పేర్లేవి?

మా నెల్లూరు జిల్లాలో ఒక కాన్వెంటు బడి జూబ్లీ సావనీరు ఈమధ్య నా చేతికొచ్చింది. ఖరీదైన కాగితం. మేత్రాణుల (బిషప్‌గారి) సందేశం, మంత్రిగారి సందేశం, బిల్డింగులకు శంకుస్థాపన చేసినవాళ్ల ఫోటోలు. బడి పెట్టిన మఠకన్యల (సిస్టర్ల) గురించి మాత్రం ఒక్క పేరా, అందులో త్యాగం, సేవ అనే మాటలు తప్ప ఒక్క పేరు లేదు. నాకొచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

నెల్లూరు మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే కాథలిక్ ప్రాంతం, 1928లో మద్రాసు నుంచి విడిపోయింది, మిల్‌హిల్ అనే మిషనరీ సభ గురువుల (ఫాదర్ల) చేతికొచ్చింది, 1940లో గుంటూరు వేరుపడేదాకా ఆ ప్రాంతం కూడా దీని కిందే ఉంది. ఇదంతా తేదీలతో సహా దొరుకుతుంది. గురువుల చరిత్ర కాబట్టి రాసి పెట్టారు. మరి హాలండ్ నుంచి జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసఫ్) సభ సిస్టర్లు గుంటూరులో దిగింది 1904లో, ఈ మేత్రాసనం పుట్టకముందే. ఆ మొదటి ఓడలో వచ్చినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదులెండి. మఠంలో చేరితే కన్నవాళ్లు పెట్టిన పేరు వదిలి పునీతుల (సెయింట్ల) పేరు పెట్టుకోవడం పాత ఆనవాయితీ. 1962-65లో కాథలిక్ బిషప్పులంతా కూడిన వాటికన్ మహాసభ తర్వాత చాలామంది మళ్లీ కన్నవాళ్లు జ్ఞానస్నానంలో పెట్టించిన పేరుకొచ్చారు. అంటే ఒకే మనిషి రెండు రిజిస్టర్లలో రెండు పేర్లతో ఉండొచ్చు. ఇక మఠంలో చేరేటప్పుడు దేవుడికిచ్చే విధేయత మాటపట్టు ఉంది కాబట్టి, పెద్దమదర్ నుంచి ఉత్తరం రాగానే పెట్టె సర్దుకుని ఇంకో ఊరు వెళ్లాల్సిందే. ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టులో ఉన్నా పేదరికపు మాటపట్టు ప్రకారం జీతం మఠానికే చేరుతుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ జీతాల నుంచి కూడా ఆదాయపు పన్ను పట్టుకోవాల్సిందేనంది. పన్ను లెక్కలో ఉన్న మనిషి బడి చరిత్రలో లేకపోవడం ఏం న్యాయం?

1951 జనాభా లెక్కల్లో మన దేశంలో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి 9 మంది కూడా లేరు. ఈడొచ్చిన పిల్లని బడికి పంపుతానంటే ఇంట్లో యుద్ధమే. పాఠం చెప్పేది ఆడవాళ్లు, హాస్టల్లో కాపలా ఉండేదీ ఆడవాళ్లు అన్న ధైర్యంతోనే ఎందరో తండ్రులు ఒప్పుకున్నారు. మా అమ్మ తరంలో టీచరమ్మలు, నర్సమ్మలు అయినవాళ్లని కదిపి చూడండి, మొదట వచ్చేది ఎవరో ఒక సిస్టర్ ప్రస్తావనే.

అలాగని పొగడ్తలే రాయమనడం లేదు. తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసిన కాన్వెంట్లు ఉన్నాయి. ఒకే కాంపౌండులో ఇటు ఫీజు కట్టే పిల్లల ఇంగ్లీషు మీడియం, అటు ఎయిడెడ్ తెలుగు మీడియం, మధ్యలో గోడ లేకపోయినా గోడ ఉన్నట్టే పెరిగిన పిల్లలూ ఉన్నారు. తెలుగు మీడియంలో చదివిన మాలపల్లె పిల్లల అనుభవం వాళ్ల నోటితోనే రావాలి. చరిత్రంటే అది కూడా.

తొందర ఎందుకంటే, 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ విద్యాసంస్థల్ని అప్పగించండి, లేదా ఎయిడ్ వదులుకోండి అన్నప్పుడు పాత బడులు ఎంత తేలిగ్గా చేతులు మారగలవో అందరం చూశాం. బడి మూతపడితే అడ్మిషన్ రిజిస్టర్లు ఏ గదిలో చెదలు పడతాయో ఎవరికి తెలుసు?

కాబట్టి యాజమాన్యాలకి నా మాట ఇది. జూబ్లీ ఆర్చీల ఖర్చులో కొంత తగ్గించి అడ్మిషన్ రిజిస్టర్లు, మఠం దినచర్య పుస్తకాలు స్కాన్ చేయించండి. హెచ్చెమ్‌లుగా చేసిన సిస్టర్ల పేర్లు, రెండు పేర్లుంటే రెండూ, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఉన్నారో ఆఫీసు గదిలో బోర్డు రాయించండి. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు కాన్వెంట్లలో చదివిన అక్కలూ, అత్తలూ, మీ దగ్గర పాత గ్రూపు ఫోటో ఉంటే అందులో సిస్టర్ పేరు గుర్తున్నంతవరకు వెనకాల రాసి, ఒక కాపీ బడికివ్వండి, ఇంకోటి మీ దగ్గరే ఉంచుకోండి.