ఇసుక నుంచి ఇంధనం అంత దగ్గర దారి కాదు
శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు రియాక్టర్లు వస్తే, అదే తీరంలోని భావనపాడు, కళింగపట్నం ఇసుకలో దొరికే మోనజైట్ అనే థోరియం ఖనిజమే వాటికి ఇంధనమైపోతుందని ఒక వ్యాసంలో రాశారు. ఇది తప్పు. అక్కడ తలపెట్టినవి ఒక్కోటి 1208 మెగావాట్ల ఏపీ1000 రకం అమెరికన్ రియాక్టర్లు. వాటికి కావలసింది గొలుసు చర్య నడిపే యురేనియం-235 వాటాను 5 శాతం లోపు వరకు పెంచిన యురేనియం డయాక్సైడ్ బిళ్లలు. సహజ యురేనియంలో అది 0.7 శాతమే. మోనజైట్‌లో యురేనియం అతి స్వల్పం, అందులో అణు ఇంధనం వైపు పనికొచ్చేది ప్రధానంగా థోరియమే, అదీ ఆక్సైడ్ లెక్కన సుమారు 8-10 శాతం. రాయడానికి ఒక్క మాటే గానీ, దాన్ని తీయడమే పెద్ద పని: ఇసుకలో కలిసి ఉండే ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజాన్ని అయస్కాంతంతో వేరు చేయాలి, మోనజైట్‌ను వేడి కాస్టిక్ సోడాలో ఉడికించి ఫాస్ఫేట్‌ను కడిగేయాలి, మిగిలిన హైడ్రాక్సైడ్ల నుంచి థోరియాన్ని విడదీయాలి. అంతా చేసినా థోరియం-232 తనంతట తాను గొలుసు చర్య నడపలేదు. న్యూట్రాన్‌ను పీల్చుకుని ప్రొటాక్టినియం-233గా మారాలి, దాని అర్ధాయువు 27 రోజులు, ఆ తర్వాతే యురేనియం-233. దాంతోపాటే కొద్దిగా యురేనియం-232 కూడా పుడుతుంది. అది క్షీణిస్తూ పుట్టించే మూలకాల్లో ఒకటైన థాలియం-208 విడిచే శక్తిమంతమైన (2.6 ఎంఈవీ, అంటే 26 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల) గామా కిరణాల వల్ల ఆ ఇంధనాన్ని మందపాటి గోడల వెనుక నుంచి రిమోట్ చేతులతోనే తయారు చేయాలి. అసలు చిక్కు అదే, వ్యాసంలో దాని ఊసే లేదు. కల్పాక్కంలో యురేనియం-233తో నడిచే కామిని అనే పరిశోధన రియాక్టర్ సామర్థ్యం 30 కిలోవాట్లు మాత్రమే. మన తీరంలో ఉన్నది విలువైన ఖనిజమే, కాదనను. కానీ ఇసుక తవ్వకానికి కొవ్వాడను సాకుగా చూపించకండి.