సవరణ: ఎన్వీ, జెలసీ ఒకటి కాదు

ఎన్వీ, జెలసీ రెండూ అసూయే, ఏది వాడినా ఒకటేనని, రిసెంట్‌మెంట్ అంటే కోపమని మొన్న రాశాను. అవి సరిచెయ్యాలి.

ఎదుటివాళ్ళకున్నది మనకు లేదే అన్న బాధ ఎన్వీ. మనదనుకున్నదాన్ని ఇంకొకరు ఎక్కడ ఎగరేసుకుపోతారోనన్న భయం జెలసీ. స్నేహితురాలికి ప్రమోషన్ వస్తే లోపల చురుక్కుమనేది మొదటిది. కొత్త స్నేహాల్లో పడి ఆమె మనల్ని మర్చిపోతుందేమోనన్న గుబులు రెండోది. మాటల్లో ఇంగ్లీషువాళ్ళే మొదటిదాన్ని కూడా జెలస్ అనేస్తుంటారు, అందుకే నేను బోల్తా పడ్డాను. కానీ తిరగేసి చూడండి: అనుమానపు మొగుణ్ణి జెలస్ హజ్బెండ్ అంటారు, ఎన్వియస్ హజ్బెండ్ అనరు.

ఎన్వీకి మూలమైన లాటిన్ మాటలో 'చూడటం' ఉంది, అదీ చెడ్డ చూపుతో. మన 'కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం' గుర్తుకురావట్లేదూ?

రిసెంట్‌మెంట్ విషయంలో మాత్రం పూర్తిగా నాదే పొరపాటు. కోపం వస్తుంది, పోతుంది. ఇది అలా పోదు. ఇంటిపనంతా ఒక్కరి మీదే పడి, వాళ్ళు ఏళ్ళ తరబడి నోరు మెదపకపోతే, 'నాకే ఎందుకిలా' అని లోపల్లోపల పేరుకునే అక్కసు అది.

ఇంకోటి, నేను రాసిన 'డోంట్ జెలస్' కూడా చెల్లదు. జెలస్ క్రియ కాదు, మధ్యలో 'బీ' ఉండాల్సిందే. అలాగే 'జెలస్ ఆన్ హిమ్' కాదు, 'జెలస్ ఆఫ్ హిమ్'. ఎన్వీకి ఆ గొడవ లేదు: 'ఐ ఎన్వీ హర్' అంటే చాలు.