పిరమిడ్ ఎక్కబోయే అభ్యర్థులకు సూచనలు

టెట్ అనే ఉపాధ్యాయ అర్హత పరీక్షలో 150 మార్కులకు శిశు వికాసం-పెడగాజీ (బోధనా పద్ధతులు) వాటా 30. మనిషి అవసరాలు కింది నుంచి పైకి ఐదు మెట్లన్న అమెరికన్ మనస్తత్వవేత్త మాస్లో మీద అందులో బిట్ పడిందంటే మార్కు చేతిలో పడ్డట్టే. ఆ మెట్ల బొమ్మే పిరమిడ్. కనుక అవనిగడ్డ మొదలు దిల్‌సుఖ్‌నగర్ దాకా కోచింగ్ హాస్టళ్లలో ఉంటున్న అభ్యర్థులు ఈ కింది విధానం తు.చ. తప్పకుండా పాటించగలరు.

మొదటిది శారీరక అవసరాలు: తిండి, నీళ్లు, నిద్ర. రాత్రి రెండింటి దాకా మేలుకుని 'నిద్ర' అని పదిసార్లు రాస్తే ఈ మెట్టు ఎక్కినట్టే. మెస్ సాంబారులో ముక్క తగల్లేదని అలగరాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలపాటు అర్ధాకలి తిండి పెట్టి చూశారు. పాపం, వాళ్ల ధ్యాసంతా తిండి మీదికే పోయింది. కొందరైతే వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. మన వార్డెన్ల పర్యవేక్షణ లేకపోతే అంతే మరి.

రెండోది భద్రత. అది నోటిఫికేషన్ వచ్చాక, కోర్టు కేసు తేలాక చూసుకోవచ్చు. ప్రేమ, పెళ్లి పోస్టింగ్ తర్వాత. గౌరవం సంగతి, పండక్కి ఊరెళితే "ఇంకా చదువుతూనే ఉన్నావట్రా?" అని పలకరించే బాబాయి చూసుకుంటాడు. ఇక మిగిలింది ఐదోది, ఆత్మప్రస్తావన, అంటే తనలోని సామర్థ్యాన్ని పూర్తిగా వెలికి తీసుకోవడం. దానికి ఒక మార్కు.

ఈ పద్ధతికి అడ్డం వచ్చేది మాస్లో ఒక్కడే. 1943 నాటి ఆయన వ్యాసంలో అసలు పిరమిడ్ బొమ్మే లేదు. దాన్ని తర్వాత గీసింది మేనేజ్‌మెంట్ వాళ్లు. కింది అవసరం పూర్తిగా తీరితే తప్ప పైది తలెత్తదని కూడా ఆయన అనలేదు. సగటు మనిషికి శారీరక అవసరాలు 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, గౌరవం 40, చివరిది 10 శాతం తీరుతాయేమోనని ఉదాహరణకి కొన్ని అంకెలు వేశాడు. వరస తారుమారయ్యే మనుషులూ ఉంటారన్నాడు. 2011లో లూయిస్ టే, ఎడ్ డీనర్ అనే మనస్తత్వవేత్తలు 123 దేశాల సమాచారం తిరగేసి, అవసరాలు తీరితే మనిషి బాగుంటాడు గానీ అవి వరసలోనే తీరాలనేం లేదని తేల్చారు.

ఇవన్నీ తెలిసినా పరీక్ష హాల్లో తెలియనట్టే ఉండాలి. జవాబుల కీలో మార్కు వరసకే.

నమూనా ప్రశ్న: ఉదయం ఏమీ తినకుండా బడికొచ్చిన రాముకి పాఠం బుర్రకెక్కడం లేదు. ముందుగా తీర్చాల్సిన అవసరం ఏది? అభ్యర్థి కూడా పొద్దుట్నుంచీ ఒక టీ, రెండు బిస్కెట్ల మీదే ఉంటాడు కనుక జవాబు వెంటనే తడుతుంది. తట్టకపోయినా ఏదో ఒకటి పెట్టేయండి, నెగెటివ్ మార్కులు లేవు.