పక్కవాడి మనస్సాక్షి తనిఖీ: సంఘస్థులకు సూచనలు

ఎవరి మనస్సాక్షిని వారే చూసుకుంటే క్రైస్తవ సంఘంలో మిగతావాళ్లకు పనేముంటుంది? అందుకే ఈ సూచనలు.

ముందు తిరుపతి లడ్డూ సంగతి. కొండకు వెళ్లొచ్చిన తోటి ఉద్యోగి 175 గ్రాముల లడ్డూని పది ముక్కలు చేసి, "స్వామివారి ప్రసాదం" అంటూ కాగితంలో పెట్టి అందరికీ పంచుతాడు. మన సహోదరుడు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడా, వెంటనే బైబిల్లో విగ్రహాలకు అర్పించిన తిండి గురించి పౌలు రాసిన మొదటి కొరింథీ పత్రిక 8వ అధ్యాయం తెరవండి. విగ్రహం వట్టిదేనని చెప్పే 4వ వచనాన్ని బొటనవేలితో మూసి, 13వ వచనానికి దిగండి. అక్కడ పౌలు, తన తిండి సహోదరుడికి అభ్యంతరమైతే "నేను తినను" అంటాడు. దాన్ని "నువ్వు తినకూడదు" అని చదవాలి. మెళకువంతా ఇక్కడే ఉంది.

ఇంకో సహోదరుడు ముక్కను ముట్టకుండా పక్కన పెట్టాడా? అతనికి 10వ అధ్యాయం. కటికవాని అంగడిలో ఏదమ్మినా ఆరా తీయకుండా తినొచ్చన్న 25వ వచనం గట్టిగా చదివి, టక్కున ఆపేయండి. ఇంకో మూడు వచనాలు సాగితే, ఇది అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాడి కోసమే తినవద్దని ఉంటుంది. మనవాడేమో ప్రసాదమని చెప్పి మరీ ఇచ్చాడాయె!

తిననివాడు తీర్పు తీర్చకూడదు, తినేవాడు చిన్నచూపు చూడకూడదు అని పౌలే రాసిన రోమా పత్రిక 14:3 చెరొకరికి ఒకటే నిషేధించింది. మనం రెండూ చేస్తాం. ఒకణ్ణి నామకార్థ క్రైస్తవుడంటాం, ఇంకొకణ్ణి చాదస్తుడంటాం. అన్నట్టు, ఆ అధ్యాయంలో బలహీనుడు కూరగాయలతో సరిపెట్టుకునేవాడు. నిష్ఠాపరుల ముందు ఈ మాట ఎత్తకండి.

డిసెంబరు 25న ఇంటికి నక్షత్రం కట్టినవాణ్ణీ, కట్టనివాణ్ణీ కూడా నిలదీయవచ్చు. రోజుల పట్టింపు విషయంలో ఎవరి మట్టుకు వారే రూఢిపరచుకోవాలన్న రోమా 14లోని 5వ వచనంలో ఆ "మట్టుకు" ఒక్కటే అడ్డం. మింగేయండి.

ప్రభువు బల్ల (క్రీస్తు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) దగ్గర వైన్ వాడే సంఘాన్ని తాగుబోతుల సంఘమనడం పరిపాటి. అలా అనేవారిలో కొందరు గురువారమే నల్లద్రాక్ష పిండి, కాచకుండా సీసాలో పోసి మూత బిగిస్తారు. 1869లో అమెరికాలో వెల్చ్ అనే మెథడిస్టు పళ్లడాక్టరు రసం సీసాలను మరుగునీటిలో ఉంచి మరీ పులియకుండా ఆపాడు. రసాన్ని పులియబెట్టి వైన్ చేసే ఈస్టు ద్రాక్ష తొక్క మీదే ఉంటుంది. మే నెల ఉక్కలో దానికి ఏ సంఘమన్న పట్టింపు లేదు. ఆదివారం పెద్దగారు మూత తిప్పగానే టప్పుమని నురగ పొంగుతుంది. ఆ క్షణానికి ఆమేన్ కాస్త గట్టిగా చెబితే వెనక బెంచీలకు వినబడదు.